ఎడంపక్క చోటు

ఫిబ్రవరి 9

పియానో వచ్చింది. వచ్చింది అనకూడదు, నేను ఎక్కించాను. నలుగురు మనుషులు, నలుగురికీ కలిపి ఒక బుర్ర లేదు. మేడమెట్ల మలుపులో ఇరికించేసి నా మొహం చూశారు. ముందు కాలు ఎత్తండ్రా, వెనక్కి వాల్చండ్రా అని అరిస్తే గానీ కదల్లేదు. జన్మంతా ఇటుకలూ ఇనుప కమ్మీలూ పైకి ఎక్కించినవాణ్ణి. ఒక చెక్కపెట్టె నాకో లెక్కా.

వెనక వీధిలో ఒక ముసలి సంగీతం టీచర్ పోయిందట. ఇల్లు ఖాళీ చేస్తూ ఆవిడ బంధువులు, మోసుకుపోయేవాళ్లకి పియానో ఊరికే ఇస్తామన్నారట. ఊరికే వస్తుందంటే మా కోడలు ఏనుగునైనా తెస్తుంది. అదే మాట మొహం మీద అన్నాను. ఏనుగైతే మీరు మేపేవారు కదా మామయ్యా, మీకూ పొద్దుపోయేది అంది. ఆ పిల్లకి నోరు ఎక్కువ. నా కొడుకు నోరు తక్కువ. అలా సరిపోయింది.

హాల్లో సగం అదే ఆక్రమించింది. నా మంచం కిటికీ దగ్గరికి జరిగింది.

మనవరాలికి ఆరేళ్లు. ఒకచోట నిలవదని పిచుక అంటాం. అదొచ్చి పియానో మీద ఒక తెల్ల మెట్టు నొక్కింది. ఇక ధనధనా బాదుతుందనుకున్నాను. బాదలేదు. తల వంచి, ఆ మోత పూర్తిగా పోయేదాకా వింది. నాకైతే ఎప్పుడో ఆగిపోయింది. దానికి ఇంకా వినబడుతూనే ఉంది.

ఫిబ్రవరి 12

టీచర్ కుదిరింది. కోడలికన్నా చిన్నది. కళ్లజోడు, సన్నటి మెడ, గట్టి గొంతు. ఆవిడదో షరతు. పాఠానికి వచ్చినప్పుడూ, ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడూ పెద్దవాళ్లొకరు పిల్ల పక్కన ఉండాలట. కొడుకు బస్సు డిపోలో, కోడలు బట్టల ఫ్యాక్టరీలో. మిగిలింది ఎవరు?

తాపీ పట్టినవాడికి సంగీతం ఏంటమ్మా అన్నాను. సంగీతం రానక్కర్లేదు మేస్త్రీ గారూ, ఓపిక ఉంటే చాలు అంది. ఓపిక లేదని ఒప్పుకోవడానికి నామోషీ వేసి సరే అన్నాను.

ఏ రోజు ఏం వాయించిందో రాసిపెట్టమంది. అందుకే ఈ పుస్తకం. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది. ఎవరికీ చూపించను. ఆవిడకి నోటితో చెప్తాను.

ఫిబ్రవరి 15

మొదటి లెసన్. టీచరమ్మ ఇంటి పియానో నల్లగా, అద్దంలా ఉంది. మాదానికి రంగు పోయింది. కానీ మాదే బరువు ఎక్కువ.

అరచేతిలో పిట్టపిల్లని పట్టుకున్నట్టు చేయి పెట్టాలట. గట్టిగా పడితే చస్తుంది, వదులుగా పడితే ఎగిరిపోతుంది. తాపీ పట్టడమూ అంతే, నేను కుర్రాళ్లకి ఈ మాటే ఇంకా మోటుగా చెప్పేవాణ్ణి.

తర్వాత ఒక వింత చూశాను. పిచుకకి నాలుగైదు మెట్లే చూపించింది. పిల్ల వాటిని టింగు టింగుమంటే పాటలా లేదు, పాడూ లేదు. అప్పుడు టీచరమ్మ స్టూలు మీద దాని ఎడంపక్క కూర్చుని, తన భాగం కింద కలిపింది. పియానోలో ఎడమవైపుని కింద, కుడివైపుని పైన అంటారట. అంతే. అదే టింగు టింగు పాట అయిపోయింది. నాకు వీపు మీద వెంట్రుకలు లేచాయి. పునాది లేని గోడకి ఎవరో కింద నుంచి పునాది పోసినట్టు.

పుస్తకంలో ప్రతి చిన్న లెసన్‌కీ ఇలా టీచర్ భాగం ఒకటి ఉంటుందట. డ్యూయెట్ అంటారు. ఇంట్లో మాత్రం పిల్ల ఒక్కతే వాయించుకోవాలి.

ఫిబ్రవరి 19

ప్రాక్టీస్ బాగానే చేసింది. ఒకటే గొడవ, స్టూలు కుడి చివర కూర్చుంటుంది. పడతావే అని మధ్యకి లాగాను. మళ్లీ చివరికి జరిగింది. మళ్లీ లాగాను. టీచర్ అక్కడ కూర్చుంటుంది కదా తాతా అంది. టీచర్ వాళ్లింట్లో ఉందే మొద్దూ అన్నాను. నన్ను జాలిగా చూసింది.

ఫిబ్రవరి 23

టీచరమ్మ వినమని కొన్ని పాటలు పంపింది. క్లాసికల్. కొడుకు ఫోన్‌లో పెట్టాడు. ఒక్క మాట ఉండదు. ఎవరు పోయారో, ఎందుకు ఏడుస్తున్నారో చెప్పకుండా ఏడిస్తే వినేవాడు ఏం చేస్తాడ్రా అన్నాను. పిచుక నా నోటి మీద చేయి పెట్టి నొక్కేసింది.

అయ్యేసరికి మా ఆవిడ గుర్తొచ్చింది. చివరి రోజుల్లో మంచం మీద దుప్పటి మడతలు సవరిస్తూ ఉండేది, ఊరికే, సవరిస్తూనే. పాటలో దుప్పటి ఎక్కడుంది? ఎక్కడా లేదు.

మళ్లీ పెట్టరా అన్నాను. కొడుకు ఎగాదిగా చూశాడు. పిల్ల కోసం రా అన్నాను.

మార్చి 3

ట్యూన్ చేసే అతను వచ్చాడు. నా ఈడువాడే. పైపలక ఊడదీసి లోపల లైటు వేసి చూసి, ఇది విచిత్రంగా ఉందే అన్నాడు. తీగల్ని కొట్టే చిన్న సుత్తులు ఉంటాయి. కుడివైపువి కొత్తవాటిలా ఉన్నాయి. ఎడమవైపువి గాట్లు పడిపోయి, పీచు లేచిపోయి ఉన్నాయి. తెల్ల మెట్లూ అంతే. ఎడమన వేళ్లు పడేచోట గుంటలు. అరిగిన గడపలా.

ఆ ముసలి టీచరమ్మని అతను ఎరుగునట. జీవితమంతా పిల్లలకి మొదటి పాఠాలే చెప్పిందట. పిల్లలు వచ్చేవాళ్లు, కొన్నాళ్లు పైన వాయించేవాళ్లు, మానేసి పోయేవాళ్లు. ఆవిడ మాత్రం అదే చోట కూర్చుని కింద వాయిస్తూ ఉండేదట. ఒక్క పిల్లా చివరి పుస్తకం దాకా రాలేదని చెప్పుకునేదట. వెళ్తూ వెళ్తూ, మీ పిల్లనైనా మాననివ్వకండి పెద్దాయనా అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకో నవ్వు రాలేదు.

మార్చి 8

టీచరమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఇంట్లో పాపకి ఇంకెవరైనా చెప్తున్నారా అని అడిగింది. ఎవరున్నారు, నేను తప్ప, నాకు వచ్చింది గుండుసున్నా అన్నాను. లేదండీ, చిన్నచిన్న చోట్ల ఆగుతోంది, ఆ ఆగడం పుస్తకంలో లేదు, నేను చెప్పలేదు, పక్కన ఇంకొకరు ఊపిరి తీసుకునేదాకా ఆగినట్టు ఆగుతోంది, చాలా పాత పద్ధతి అంది. మెచ్చుకుందో భయపడిందో తెలియలేదు.

దారిలో పిచుకని అడిగాను. ఎడంపక్కావిడ ఆగమంటుంది తాతా అంది. ఎవరే? ఎడంపక్కావిడ. అంతే, ఇంకో మాట లేదు. వీధి కుక్కకి టాటా చెప్పుకుంటూ నడిచింది.

మార్చి 9

కొడుక్కీ కోడలికీ చెప్పాను. ఆ వయసులో పిల్లలకి ఉత్తుత్తి స్నేహితులుంటారు మామయ్యా అంది కోడలు. నీకు కూడా ఒకడున్నాడుగా నాన్నా, రోజూ టీవీతో మాట్లాడతావు అన్నాడు కొడుకు. వీడికి ఇప్పుడే నోరొచ్చింది.

మార్చి 14

పిచుక కిందికి వెళ్లడం మానేసింది. కింది వాటాలో పిల్ల తాడు పట్టుకుని పిలిచి పిలిచి పోయింది. బడి నుంచి వస్తూనే స్టూలెక్కుతుంది. పాలు చల్లారిపోతాయి. పిలిస్తే తల తిప్పదు. పిచుక అని పేరు పెట్టుకున్నాం, ఇప్పుడు గోడకి కొట్టిన మేకులా ఉంది.

ఎందుకు లేవవే అంటే, పాఠం అవకుండా లేస్తే ఆవిడకి బాధట. అందరూ మధ్యలోనే లేచిపోయారట. పిచుక లేవదని మాటిచ్చిందట.

ఆ ముసలావిడ సంగతి దీనికి ఎవరు చెప్పారు? ట్యూన్ అతను వచ్చినప్పుడు ఇది బళ్లో ఉంది.

మార్చి 15

తేల్చేద్దామని వెళ్లి దాని ఎడంపక్క ధబీమని కూర్చున్నాను.

తాతా, నువ్వు ఆవిడ ఒళ్లో కూర్చున్నావు అంది.

నేను లేవలేదు. ఒకడు లేవమంటే లేచే రకం కాదు నేను. ఎండ మొహాన కొడుతోంది, తొడలు మాత్రం నీళ్లలో పెట్టినట్టు చల్లబడ్డాయి. పిల్ల వాయించి ముగించేదాకా కూర్చున్నాను. తర్వాత మోకాళ్లు పట్టేసి మంచం ఎక్కడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

మార్చి 16. ఆదివారం

పియానో అమ్మేద్దాం అన్నాను. కోడలు ఏడ్చింది. చిన్నప్పుడు తను అడిగితే ఇంట్లో నవ్వారట, కూతురికైనా నేర్పించాలని ఉందట. నోరున్న మనిషి ఏడిస్తే నాకు చేతులాడవు. సరే, అమ్మకం మాట ఎత్తను, మూత మాత్రం వేస్తానని తాళం పెట్టాను.

మధ్యాహ్నం పిచుక భోజనం బల్ల దగ్గర, కుర్చీ కుడి చివర కూర్చుని, బల్ల మీద వేళ్లాడించింది. ఆగాల్సిన చోట ఆగింది. అది ఆగినప్పుడల్లా హాల్లో తాళం వేసిన పియానో లోపల సన్నగా జుమ్మంది.

లారీ పోతే తీగలు మోగుతాయి. గోడలు అదురుతాయి, నాకు తెలుసు. ఆదివారం మా వీధిలో లారీ రాదు. అదీ తెలుసు.

తాళం తీసేశాను.

మార్చి 18

పిల్లనే అడిగాను. ఆవిడని ఎలా లేపాలే అని. ఊరికే కూర్చున్నవాళ్లని ఆవిడ పట్టించుకోదట. తన భాగం ఇంకొకరు వాయిస్తే లేస్తుందట, చోటు ఇస్తుందట.

ఇంతేనా. ఎన్ని గోడలు లేపాను, ఒక ముసలిదాన్ని లేపలేనా.

మార్చి 22

పిచుకని బయట ఉయ్యాల మీద కూర్చోబెట్టి టీచరమ్మకి చెప్పాను, కింది భాగం నాకు నేర్పమని. నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తీసి తుడిచింది. నవ్వమ్మా, నవ్వు కడుపులో దాచుకుంటే వాతం చేస్తుంది అన్నాను. అప్పుడు పైకే నవ్వింది. మంచి పిల్ల.

నా వేలు ఒకటి పెడితే రెండు మెట్లు దిగుతాయి. చిటికెన వేలు ఎప్పుడో ఇటుక పడి వంకరపోయింది, అది అసలు దిగదు. పుస్తకంలో ఆ చీమలబారు నాకు అర్థం కాలేదు. చూపులతోనే నేర్చుకున్నాను. కింద ఒకటి, పైన రెండు. కింద ఒకటి, పైన రెండు. ఇటుకలు వరస మీద వరస పేర్చినట్టే. కంగారు పడకూడదు, కింది వరస ఆరకుండా పై వరస వేయకూడదు.

మీరు తొందరపడరండీ, చాలామంది పిల్లలు మీ పక్కన హాయిగా వాయిస్తారు అంది టీచరమ్మ. ఆ మాటకి ఛాతీ పొంగిన మాట నిజం.

ఏప్రిల్ 2

ఇవాళ వాయించాం. పిచుకా నేనూ. మొదట నేను తప్పాను, తిట్టుకున్నాను, మళ్లీ మొదలుపెట్టాం. రెండోసారి తప్పలేదు. పిల్ల భుజాలు కిందికి దిగాయి. ఎన్నాళ్లకో నవ్వింది. తాతా, నువ్వు ఎద్దులా వాయిస్తున్నావు అంది. ఎద్దు నడిస్తేనే బండి నడుస్తుందే అన్నాను.

ఆవిడ లేచిందా అని అడిగాను.

లేచింది అంది. నీ వెనకాల నిలబడింది. నీ వేళ్లు చూస్తోంది.

ఏప్రిల్ 3

వెనక్కి తిరిగి చూడలేదు. చూసేది లేదు.

ఏప్రిల్ 20

రోజూ వాయిస్తున్నాం. పిల్ల మధ్యలో లేచి పాలు తాగుతోంది, వచ్చి మళ్లీ కూర్చుంటోంది. రాత్రి కోడలు ఫోన్‌లో ఆ మాటల్లేని పాటలు పెడితే ముగ్గురం వింటున్నాం. ఎక్కడ కింది చేయి వస్తోందో నాకు తెలిసిపోతోంది. అదుగో పునాది అంటాను. కొడుకు, నాన్నకి పిచ్చి పట్టింది అంటాడు, అని తనూ వింటాడు.

నేను వాయిస్తున్నప్పుడు మెడ వెనక చల్లగా ఉంటుంది. కిటికీ మూసినా ఉంటుంది.

ఏప్రిల్ 22

జ్వరం. కోడలు సెలవు పెడతానంటే వద్దన్నాను. ముసలాడికి జ్వరమొస్తే ఫ్యాక్టరీ ఆగాలా. మాత్ర మింగి పడుకున్నాను. బడి బండి వచ్చిన చప్పుడు విన్నాను, పియానో మొదలవడం విన్నాను, మళ్లీ నిద్ర పట్టేసింది.

లేచేసరికి ఎండ గోడ దాటిపోయింది. పియానో ఇంకా మోగుతోంది. పిచుక బడి బట్టలతోనే, భుజాన సంచీతోనే, స్టూలు కుడి చివర ఉంది. గౌను తడిసిపోయి ఉంది. స్టూలు కింద నేల మీద మడుగు. పెదాలు ఎండిపోయాయి. వాయిస్తూనే ఏడుస్తోంది, ఏడుస్తూనే వాయిస్తోంది.

తాతా, ఇంకా అవలేదంటోంది. ఇంకా అవలేదంటోంది.

ఎత్తుకుంటే చేతులు గాల్లో ఆడుతూనే ఉన్నాయి. నీళ్లు పోసి, బట్టలు మార్చి, నా మంచం మీద పడుకోబెట్టాను. కోడలు వచ్చి చూసి పిల్లని ఒళ్లోకి లాక్కుంది. రేపే దీన్ని తీసుకెళ్లి పారేస్తానన్నాడు కొడుకు. వద్దన్నాను. మూతేస్తే ఏమైందో నేను చూశాను. ఈసారి నాకు వదిలెయ్యండి అన్నాను.

ఏప్రిల్ 23. మధ్యాహ్నం

పిల్లని కోడలు తనతో తీసుకెళ్లింది. ఇంట్లో నేనొక్కణ్ణే. స్టూలు దగ్గర నిలబడి, మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడాను.

చూడమ్మా. నువ్వు పనిమంతురాలివి, నేనూ పనివాణ్ణే. పని మధ్యలో వదిలేసి పోయే కూలీలంటే నాకూ ఒళ్లు మండేది. నీ కడుపుమంట నాకు తెలుసు. కానీ పిల్లలు అలాగే ఉంటారు. వాళ్లు లేస్తారు, పోతారు, ఆడుకుంటారు. అది తప్పు కాదు. దాని ఉచ్చ ఆపి కూర్చోబెట్టడం పాఠం కాదు, పాపం.

నీకు చివరి పుస్తకం దాకా ఉండేవాడు కావాలి. అంతేగా. నేనున్నాను. నాకు పోవడానికి చోటు లేదు, ఆడుకోవడానికి వయసు లేదు. చేయి మొద్దు, నేర్పడానికి చాలాకాలం పడుతుంది. అది నీకూ మంచిదే. పిల్లని వదిలెయ్. నేను ఒక్క గోడ కూడా మధ్యలో వదిలింది లేదు, కావాలంటే ఊళ్లో ఎవరినైనా అడుగు.

నా పిచ్చికి నాకే నవ్వొచ్చింది.

అప్పుడు ఎడమ చివర ఒక మెట్టు కిందికి దిగింది. మోత రాలేదు. చాలాసేపు దిగే ఉంది. తర్వాత మెల్లగా లేచింది.

మే 19

పిచుక స్టూలు మధ్యలో కూర్చుంది. ఎవరూ లాగలేదు, తనంతట తనే. లెసన్ అడ్డదిడ్డంగా వాయించింది, రెండు చోట్ల మింగేసింది, విసుగ్గా ఉంది తాతా అని దిగిపోయింది. కింద తాడాట చప్పుడు. ఇంత అందంగా చెడగొట్టిన పాట నేను వినలేదు.

టీచరమ్మ దగ్గర మాత్రం బుద్ధిగా వాయించిందట. మంచి చెవి, మానకుండా చూడండి, బలవంతం మాత్రం పెట్టకండి అంది.

ఎడంపక్కావిడ ఏమంటోందే అని పిచుకని అడిగాను.

ఎవరు తాతా? అంది.

జూన్ 1

ఇవాళ నా మొదటి లెసన్. కుడిపక్కకి జరగమంది. జరిగాను.

ఆవిడ చేయి చల్లగా ఉంది. కానీ విసుక్కోదు. నా వంకర వేలిని తనే పట్టుకుని దించింది.

కింద నుంచి పిచుక తాతా, తాతా అని పిలుస్తూనే ఉంది. వినబడుతోంది. పాఠం అయ్యాక వెళ్తాను.